ఎనిమిదో నంబరు హెడ్‌మాస్టరు

జగన్మోహనరావు గారు మడమ తిప్పని మనిషి. శంషాబాద్‌లో ఆ సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు యెషయా. ఎందుకంటే ఆ మడమలు కొలిచేది అతనే.

అది తొంభై ఆరో సంవత్సరం. విమానాలు ఇంకా బేగంపేటలోనే దిగేవి. శంషాబాద్‌లో దిగేవి బస్సుల్లోంచి మనుషులూ, మనుషుల కాళ్లకు తెగిన చెప్పులూ. ఆ తెగినవాటిని కలిపి కుట్టేవాడు యెషయా. బెంగళూరు రోడ్డు మీద బస్టాండు గోడకు ఆనుకుని, రెండు రేకులూ ఒక గోనెపట్టా కలిపి కట్టిన నీడలో కూర్చునేవాడు. అంతకుముందు ముప్పయ్యేళ్లు అదే చోట అతని తండ్రి కూర్చున్నాడు. కొత్త బూట్లు కుట్టడంలో యెషయాను మించినవాడు ఇటు మహేశ్వరం దాకా, అటు జల్‌పల్లి దాకా లేడని పేరు. ఆ పేరు తప్ప తండ్రి వదిలి వెళ్లిన ఆస్తి ఇంకొకటి ఉంది. ఒక లావుపాటి పుస్తకం.

అది పాదాల పుస్తకం. తండ్రి టేపును నమ్మేవాడు కాదు. మనిషిని కాగితం మీద నిలబెట్టి, పెన్సిలు నిటారుగా పట్టి, మడమ దగ్గర బయలుదేరి వేళ్లన్నీ చుట్టి మళ్లీ మడమకు చేరేవాడు. పక్కన పేరు, తేదీ. అదే మనిషి మళ్లీ వస్తే కొత్త కాగితం తీసేవాడు కాదు. పాత గీత మీదే నిలబెట్టి గీసేవాడు.

"పెద్దోళ్ల కాలు మారది బిడ్డా. గీత మీద గీత పడ్డదంటే నీ చెయ్యి సక్కగున్నట్టు. గీత బయటికి పోయిందంటే చెయ్యి తప్పినట్టు" అని చెప్పి పోయాడు.

ఈ మాటే యెషయాను ఆరేళ్లుగా తొలిచేస్తోంది.

రావు గారు ఇంగ్లీషు మీడియం స్కూలు హెడ్‌మాస్టరు, తెలుగు పాఠం మాత్రం తానే చెప్పేవారు. గుంటూరు వైపు నుంచి వచ్చి, ఊళ్లో స్కూలు పెట్టి, నాలుగొందల మంది పిల్లల్ని వరసల్లో నిలబెట్టినవారు. ఏటా జూన్‌లో, స్కూలు తెరిచే ముందు, ఒక జత నల్లబూట్లు కుట్టించుకునేవారు. తొంభైలో మొదటిసారి వచ్చినప్పుడే ఉపన్యాసం ఇచ్చారు.

"నాది ఎనిమిదో నంబరు. పెళ్లినాడు ఎనిమిది, ఈనాడు ఎనిమిది. కాలం మారుతుంది గానీ నా కాలు మారదు. రాసుకో."

యెషయా రాసుకున్నాడు. మరుసటి ఏడు గీస్తే, కొత్త గీత పాత గీతకు బియ్యపుగింజంత బయట పడింది. పెన్సిలు మొద్దుబారిందనుకుని చెక్కుకున్నాడు. ఆపై ఏడు ఇంకో గింజంత బయట. కళ్లు మసకబారాయనుకుని అద్దాలు పెట్టించుకున్నాడు. అద్దాలు పెట్టుకుని చూస్తే తప్పు ఇంకా బాగా కనిపించింది. నాలుగో ఏటికి భార్య యేసమ్మతో కూడా చెప్పడం మానేశాడు. చెయ్యి తప్పినవాడని పేరొస్తే ఆ గోనెపట్టా కింద ఇక ఎందుకు కూర్చోవాలి? చెప్పులవాడికి అది చెప్పుకోలేని బాధ.

అందుకని ఒక ఉపాయం పన్నాడు. చెక్క అచ్చుకు తోలు పేలికలు అతికించి పెద్దది చేసి, బయటి గీత కొలతకే బూట్లు కుట్టేవాడు. అడుగున మాత్రం, హెడ్‌మాస్టరు గారి మాట ప్రకారం, 8 అని వేసేవాడు. బూట్లు హాయిగా పట్టేవి. రావు గారు మెచ్చుకునేవారు. ఎనిమిది తొమ్మిదై, తొమ్మిది పదై, పది పదకొండై కూడా అట్టడుగున ఎనిమిదిగానే ఉండిపోయింది.

పద్యంలో పాదం పెరిగితే గణం తప్పిందంటారు. హెడ్‌మాస్టరు పాదం పెరిగితే ఏం తప్పిందో ఎవరికీ తెలియలేదు, ఆ జూన్ దాకా.

ఆ జూన్‌లో రావు గారు పని మీద పట్నం వెళ్లి, దారిలో ఒక దుకాణంలో తయారుగా ఉన్న బూట్లు చూసి ముచ్చటపడ్డారు. ఎనిమిది ఇవ్వమన్నారు. పట్టలేదు. దుకాణంవాడు కాళ్ల వైపు చూసి పదకొండు తెచ్చాడు. రావు గారికి అది కాళ్లకు కాదు, తలకెక్కింది. పట్టని ఎనిమిదినే కొనుక్కుని, బస్సెక్కి, శంషాబాద్‌లో దిగీ దిగగానే కాలు దువ్వారు.

"యెషయా! నువ్వు నాకు కుట్టేది ఎంత?"

"ఎనిమిది సారు."

"ఇదీ ఎనిమిదే." డబ్బాలోంచి బూటు తీసి ఎత్తి చూపారు. "ఇందులో నా బొటనవేలు తప్ప మిగతా సంసారం పట్టడం లేదు. ఒకే ఎనిమిది ఇద్దరి దగ్గర రెండు రకాలుగా ఎలా ఉంటుందయ్యా?"

బస్టాండులో జనం మూగారు. ఎదురుగా చాయ్ హోటల్ కుర్మయ్య గిన్నె దించి మరీ వచ్చాడు.

"యెషయన్నకు ఎనిమిదో ఎక్కం రాదేమో సారు. జర మీ బళ్లె చేర్పించుకోండ్రి."

అందరూ నవ్వారు. యెషయా నవ్వలేదు. ఇక దాచేది లేదనుకుని పుస్తకం తెరిచి నేల మీద పెట్టాడు. "నిలబడుండ్రి సారు" అన్నాడు. అందరి ముందూ ఏడో గీత గీశాడు. ఆ గీత ఆరో గీతకు బయట పడింది. ఆరోది అయిదోదానికి బయట. ఉల్లిగడ్డను కోసినట్టు పాదం లోపల పాదం, దాని లోపల పాదం. మొదటి గీతకూ చివరి గీతకూ మధ్య అంగుళం పొడవు తేడా.

"మీరు ఎనిమిదన్నరు, నేను ఎనిమిది రాసిన సారు. లోపట పదకొండు కుట్టిన. తప్పయింది."

"ఏంది అన్నా, అంకెలు గిట్ల మారుస్తవా?" కుర్మయ్య గొంతులో ఈసారి హాస్యం లేదు. "మా అందరియి గూడ గిట్లనే రాసినవా?"

రావు గారు పుస్తకం చూశారు, పాదం చూసుకున్నారు, మళ్లీ పుస్తకం చూశారు. "నాకు నలభై ఏడేళ్లు. ఈ వయసులో పెరిగేవి బట్టతలా, బాధ్యతలూ. కాళ్లు పెరగవు! ఆరేళ్లు నన్ను మోసం చేశావు. ఇక మా స్కూలు పిల్లలెవరూ నీ ముందు కాలు పెట్టరు. కొలత తప్పేవాడి దగ్గర నా పిల్లలు నిలబడరు."

ఆ మధ్యాహ్నం యెషయా అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. యేసమ్మ విషయమంతా విని, కంచం పక్కకు జరిపి, ముందు నిలబడింది.

"నీ చెయ్యి తప్పిందంటవా?"

"గదే తెలుస్తలేదు."

"అయితె నా కాలు గియ్యి."

పెళ్లయిన ఏడు గీసిన యేసమ్మ పాదం పుస్తకంలో ఉంది. దాని మీద నిలబెట్టి గీశాడు. పదిహేనేళ్ల కిందటి గీత మీద ఇవాళ్టి గీత పడింది, నీడ మీద నీడలాగా. యేసమ్మ ఊరుకోలేదు. పక్కింటి సత్తెమ్మను లాక్కొచ్చింది. ద్రాక్షతోటలో కాపలా కాసే గోపయ్యను నిద్రలేపి తెచ్చింది. ఎదురింటి ఈరమ్మ వంట మధ్యలో గరిటెతోనే వచ్చింది. అందరి గీతలూ పాత గీతల మీదే పడ్డాయి. ఒక్కటీ బయటికి పోలేదు.

యెషయా పెన్సిలు కింద పెట్టి తన చెయ్యి వైపు చూసుకున్నాడు. ఆరేళ్లుగా అనుమానించిన చెయ్యి. దానికి క్షమాపణ చెప్పుకోవాలనిపించింది.

"చెయ్యి సక్కగనే ఉన్నదే యేసమ్మా. సారు కాలే పెరుగుతుంది."

"మంచిగున్న మనిషికి కాలెందుకు పెరుగుతది? అది పెరుగుడు కాదు, రోగం. పోయి చెప్పు."

"నేను చెప్పులోణ్ని గాని చెప్పెటోణ్ని గాదే. సారు తోలు తీస్తడు."

"తోలు పని నీకు కొత్తనా? పో."

మర్నాడు రావు గారు స్కూల్లో ఉండే వేళ చూసుకుని ఇంటికి వెళ్లాడు. హెడ్‌మాస్టరు గారి భార్య రత్నమాల తలుపు తీసింది. చంకలో పుస్తకం చూసి, బస్టాండు గొడవ ఇంటిదాకా వచ్చిందనుకుంది.

"గొడవ పెట్టుకోవడానికి వచ్చావా యెషయా?"

"లేదమ్మా. ఒక్క ముచ్చట అడిగి పోత. సారుకు కాలొక్కటేనా, ఇంకేమన్న గూడ పెరిగినయా?"

రత్నమాల ముఖంలో రంగు మారింది. లోపలికి వెళ్లి ఒక చిన్న డబ్బా, నాలుగు చొక్కాలు తెచ్చింది. డబ్బాలో రెండు ముక్కలైన ఉంగరం. పెళ్లి ఉంగరం. వేలికి బిగుసుకుపోతే కంసాలి కోసి తీశాడు.

"ఈ చొక్కాలు చూడు. ఏటా కాలరు గుండీ జరిపి కుడుతున్నాను. ఆయనకు తెలియదు. తెలిస్తే నొచ్చుకుంటారు. 'నేను మారను' అన్నదే ఆయన గొప్ప. ఆ గొప్ప చెడకుండా నేను గుండీలు జరుపుతున్నాను."

"నేను అంకెలు రాస్తున్నమ్మా" అన్నాడు యెషయా, పుస్తకం తెరిచి నేల మీద పెడుతూ.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకరికి తెలియకుండా ఒకరు, ఆయన పెరగడాన్ని ఆయనకే కనపడకుండా ఇన్నేళ్లు దాచిపెట్టారు. గౌరవం ఎక్కువైతే ఇంత పని చేస్తుందా?

రత్నమాల గడపలోనే కూలబడింది. "తలనొప్పి అంటారు, బిళ్లలు మింగుతారు. గురక పెడితే కిటికీలు అదురుతాయి. గొంతు లావైంది. పిల్లలు జడుసుకుంటున్నారు, ఆయన సంబరపడుతున్నారు. ఊళ్లో అంతా అంటారు చూడు, హెడ్‌మాస్టరు గారు పక్కచూపులు చూడరని? నేనూ పొంగిపోయాను. మొన్న పక్కనుంచి వచ్చే సైకిలుకు ఎదురెళ్లి పడ్డారు. ఆయన చూడకపోవడం కాదు యెషయా. పక్కలు కనబడటం లేదు."

సరిగ్గా అప్పుడు గేటు మోగింది. మర్చిపోయిన తాళాల కోసం రావు గారు తిరిగొచ్చారు. వాకిట్లో చెప్పులవాడు, గడపలో భార్య, మధ్యలో తన కాళ్ల చరిత్ర పరిచి ఉండటం చూశారు.

"కాళ్లబేరానికి ఇంటికే వచ్చావా?"

"బేరానికి రాలే సారు. మీకు పానం బాగలేదు. దవాఖానకు పోవాలె."

"నాకా? నీకు! చెయ్యి వణికే రోగం నీకు!"

అప్పుడు రత్నమాల లేచింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె గొంతు మొదటిసారి గేటు దాటి వినిపించింది. "సరే, అతని గీతలు తప్పే. ఆ మాట డాక్టరు చేత చెప్పించండి. మీరు నెగ్గుతారుగా, భయం దేనికి?"

నెగ్గుతారన్న మాటకు రావు గారు లొంగారు.

"చెప్పిస్తాను! కాలు పెరగలేదని డాక్టరు చెబితే, యెషయా, నువ్వు ఆ బస్టాండులో జాగా ఖాళీ చెయ్యాలి. పెరిగిందంటే, నాలుగొందల మంది పిల్లల ముందు నిలబడి నీ కొలతే రైటని నేను చెబుతాను."

యెషయాకు తండ్రి కూర్చున్న గోడ కళ్లముందు కదిలింది. పుస్తకం మూశాడు. "నా చెయ్యి మీద నాకు నమ్మకముంది సారు. పోదాం పాండ్రి."

పట్నంలో పెద్ద దవాఖానకు ముగ్గురూ వెళ్లారు. రావు గారు ఫిర్యాదీ, యెషయా ముద్దాయి, రత్నమాల సాక్షి. గ్రంథుల జబ్బులు చూసే డాక్టరు కీర్తన ముప్పై అయిదేళ్ల మనిషి. ఆమె ఏమీ అడగక ముందే రావు గారు పుస్తకం బల్ల మీద పరిచారు.

"డాక్టరుగారూ, ఈ గీతలు తప్పని ఒక కాగితం మీద రాసి, సంతకం, స్టాంపు వేసివ్వండి."

ఆమె పుస్తకం కంటే ముందు మనిషిని చూసింది. ముందుకు పొడుచుకొచ్చిన దవడ, పళ్ల మధ్య సందులు, పనసకాయ పట్టేంత అరచేతులు. ఆపైన పుస్తకం చూసింది. ఒక్కో గీత మీదా వేలు పెట్టి, తేదీలు చదివింది. పేజీ తిప్పలేదు. ఎంతసేపటికీ తిప్పలేదు.

"ఇవి గీసింది ఎవరు?"

యెషయా లేచి చేతులు కట్టుకున్నాడు. "నేనే అమ్మా. తప్పుంటే మాఫ్ చెయ్యుండ్రి."

"తప్పా?" డాక్టరు నవ్వింది. "ఈ జబ్బు ఏళ్ల తరబడి దొరకదు. ఏడాదికి బియ్యపుగింజంత మారే మనిషిని, రోజూ చూసే కళ్లు పట్టుకోలేవు. మేము పాత ఫోటోలు తెమ్మని బతిమాలుతాం. మీరు ఏడు గీతలు తారీకులతో సహా గీసి తెచ్చారు. మా ఫైళ్లల్లో ఇంత శుభ్రమైన రికార్డు లేదు."

రావు గారు పుస్తకాన్ని తన వైపు తిప్పుకుని, ఒక్కో తారీకూ మొదటిసారి చదివారు.

పరీక్షలు మొదలయ్యాయి. పొద్దున్నే పరగడుపున గ్లాసుడు గ్లూకోజు నీళ్లు తాగించి, రెండు గంటలపాటు అరగంటకోసారి రక్తం తీశారు. మామూలు మనిషిలోనైతే, తీపి లోపలికి వెళ్లగానే, ఒంటిని పెంచే హార్మోను తలవంచుతుందట. రావు గారి హార్మోను అచ్చం రావు గారే. తలవంచలేదు. తర్వాత స్కానింగు. డాక్టరు ఆ ఫిలిం వెలుతురుకు పెట్టి చూపించింది.

"ఇక్కడ, రెండు కళ్ల వెనక, పుర్రె అడుగున ఒక గ్రంథి ఉంటుంది. శనగగింజంత. పీయూష గ్రంథి అంటాం."

"పీయూషం అంటే అమృతం కదండీ?" అన్నారు రావు గారు. అంత భయంలోనూ తెలుగు మాస్టరు మేలుకున్నారు.

"పేరుకు అమృతమే. మీకు మాత్రం అందులో గడ్డ లేచింది. మంచి ద్రాక్షపండంత. క్యాన్సరు కాదు. అక్కడే కూర్చుని 'పెరుగు, పెరుగు' అని ఒళ్లంతటికీ హుకుం జారీ చేస్తోంది. దాని పైన కంటి నరాలున్నాయి. వాటిని నొక్కుతోంది కాబట్టే పక్కలు కనబడటం లేదు. ఇంకో ఏడాది ఊరుకుంటే ఎదురూ కనబడదు. ఆ తర్వాత గుండె కూడా పెరుగుతుంది. పెరిగిన గుండె ఎంతోకాలం నిలవదు."

శంషాబాద్ చుట్టూ ద్రాక్షతోటలే. యెషయా వాటిని చూస్తూ పెరిగాడు. ఒక్క పండు ఒక మనిషిని ఇంత చేస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

"తల కోస్తారా?" రత్నమాల చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అక్కర్లేదమ్మా. ముక్కులోంచి వెళ్లి తీస్తారు."

రావు గారు తన ముక్కు తడుముకున్నారు. "జీవితమంతా ముక్కుసూటిగా బతికాను. చివరికి కత్తి కూడా అదే దారి పట్టుకుందన్నమాట" అన్నారు. నవ్వబోయి కుదరక, యెషయా వైపు తిరిగారు. ఆ గొంతులో హెడ్‌మాస్టరు లేడు. "నువ్వు కూడా వస్తావా, ఆపరేషను నాడు?"

"వస్త సారు. ఎందుకు రాను?"

పందెం ఎవరు నెగ్గారన్నది ఆ రోజు ఎవరూ ఎత్తలేదు.

ఆగస్టులో ఆపరేషను. చేసేది డాక్టరు డేవిడ్ రాజు. ముందురోజు సాయంత్రం ఆయన వార్డుకు వచ్చి, ఎలా చేస్తారో కాగితం మీద గీసి చెప్పారు. ముక్కు చివర నుంచి వెనక్కి, పెన్సిలు పట్టేంత దారి. దాని చివర పల్చటి ఎముక. ఆ ఎముకకు కిటికీ కోసి, సూక్ష్మదర్శిని పెట్టుకుని, పొడుగు కాడకు చిన్న చెంచాలాంటిది ఉండే పనిముట్టుతో గడ్డను గీకి తీయాలి. మంచి గ్రంథి మిగలాలి. రెండు పక్కలా మెదడుకు పోయే పెద్ద రక్తనాళాలు. పైన కంటి నరాలు. చెయ్యి బియ్యపుగింజంత పక్కకు పోకూడదు.

బియ్యపుగింజ అన్న మాట వినగానే యెషయా ముందుకు వంగాడు.

"సారు, బూటు ముందటి భాగం లోపట కుట్టు వెయ్యాలంటే చెయ్యి పట్టది. కన్ను పోది. తోలు కుట్టే ఆరెను లోపటికి పంపి, దాని కొన ఏడున్నదో వేలితోని ఎరుక పట్టాలె. గట్లనేనా?"

డేవిడ్ రాజు ఈ మనిషెవరా అన్నట్టు చూశారు. గీతల పుస్తకం సంగతి విని, పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. "అచ్చం అలాగే. మీరు ఎంతకాలానికి నేర్చుకున్నారు?"

"పదేండ్లు పట్టింది సారు. మీకు?"

"పన్నెండు."

ఇద్దరు పనివాళ్లు ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. మంచం మీద నుంచి రావు గారు దగ్గారు. "అయ్యా, ఇద్దరూ నా ముక్కును బూటు చేసేశారు. కాస్త మంచి తోలు వాడండి."

మర్నాడు ఆపరేషను నాలుగు గంటలు పట్టింది. యేసమ్మ బెంచీ మీద కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తోంది. రత్నమాల చేతిలో తిరుపతి కుంకుమ పొట్లం చెమటకు తడిసి ఎర్రబడింది. ఇద్దరు దేవుళ్లకూ ఒకే మనిషి మీద అర్జీలు వెళ్తున్నాయి. యెషయా ఎవరినీ ఏమీ అడగలేదు. తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, అది కదలకుండా కూర్చున్నాడు. తన చెయ్యి నిలకడగా ఉంటే లోపలి చెయ్యి కూడా నిలకడగా ఉంటుందన్నట్టు.

తలుపు తెరుచుకుంది. డేవిడ్ రాజు మాస్కు దించారు.

"వచ్చేసింది. మొత్తం వచ్చేసింది. గ్రంథి మిగిలింది."

రత్నమాల ఏడుస్తూ యేసమ్మ మెడను కావలించుకుంది. కుంకుమంతా యేసమ్మ భుజానికి అంటింది. యేసమ్మ దులుపుకోలేదు.

మూడోరోజు ముక్కులో దూది తీశాక రావు గారు కళ్లు తెరిచి పైకప్పు చూశారు. తల కదపకుండా, "ఎడమవైపు గోడ మీద క్యాలెండరు ఉంది. కుడివైపు నర్సమ్మ ఉంది. రత్నం, రెండూ ఒకేసారి కనబడుతున్నాయి" అన్నారు.

"ఇక పక్కచూపులు చూస్తారన్నమాట" అంది రత్నమాల కళ్లు తుడుచుకుంటూ.

వారానికి రక్తపరీక్ష ఫలితం వచ్చింది. ఎవరిమాటా వినని ఆ హార్మోను ఎట్టకేలకు తలవంచింది. డాక్టరు కీర్తన ఆ కాగితాన్ని యెషయాకు కూడా చూపించింది. పాదాల పుస్తకంలోని ఆ పేజీని నకలు తీయించి, రావు గారి ఫైల్లో మొదటి కాగితంగా పెట్టింది. "మీ గ్రంథం లేకపోతే ఆయన గ్రంథి దొరికేది కాదు" అంది.

మూడు నెలలు గడిచాయి. రావు గారు ఇంట్లోనే విశ్రాంతి. పందెం తీరలేదు కాబట్టి బడిపిల్లలెవరూ ఇంకా బస్టాండుకు రాలేదు. కుర్మయ్య రోజూ చాయ్ ఇస్తూ ఏదో ఒకటి అంటూనే ఉన్నాడు. యెషయా కుట్టుకుంటూ కూర్చున్నాడు. తొందర లేదు. అతనికి కావలసిన జవాబు దవాఖానలోనే దొరికింది. ఊరికి కావలసింది ఇంకా రావాలి.

నవంబరులో ఒక శనివారం, నిండు బస్టాండులో, అయిదునెలల కిందటి గొంతే మళ్లీ వినిపించింది. కాస్త సన్నబడింది గానీ జోరు తగ్గలేదు.

"యెషయా! ఏం బూట్లయ్యా ఇవి, కిందటేడు నువ్వు కుట్టినవి? నడుస్తుంటే నా కంటే వెనకబడి వస్తున్నాయి! వదులు! పూర్తిగా వదులు!"

కుర్మయ్య గిన్నె వదిలి పరుగున వచ్చాడు. "మల్ల తప్పినవా అన్నా?"

యెషయా ఆరె కింద పడేసి లేచాడు. ముప్పయ్యేళ్ల వృత్తిలో ఎన్నో ఫిర్యాదులు విన్నాడు. అందులో ఏ ఒక్కదానికీ ఎగిరి గంతేయలేదు. ఇప్పుడు వేశాడు. "వదులయినయా సారు? నిజంగ వదులయినయా? ఓ కుర్మన్నా, ఇన్నవా? వదులయినయంట!"

"అన్నకు పిచ్చి లేసింది" అన్నాడు కుర్మయ్య.

"సోమవారం పొద్దున ప్రేయరుకు పుస్తకం పట్టుకునిరా" అన్నారు రావు గారు. "కుర్మయ్యా, నువ్వూ రా. చాయ్ లేకపోయినా ఊరు బతుకుతుంది ఒక గంట."

సోమవారం స్కూలు మైదానంలో నాలుగొందల మంది వరసల్లో నిలబడ్డారు. ముందు రత్నమాల, యేసమ్మ, టీచర్లు. గోడ మీద కూర్చుని కుర్మయ్య. యెషయా పుస్తకం తెరిచి, అలవాటుగా నేల మీద పెట్టి మోకాళ్ల మీద కూర్చోబోయాడు.

"ఆగండి యెషయా గారూ."

గారూ అన్న మాటకు యెషయా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాడు.

"ఆరేళ్లు మీరు నా కాళ్ల దగ్గర వంగారు. ఇవాళ మీరు వంగొద్దు. నేనే ఎక్కుతాను."

హెడ్‌మాస్టరు గది నుంచి బల్ల తెప్పించి మైదానం మధ్యలో వేయించారు. దాని మీద పుస్తకం పరిచి, పక్కన యెషయాకు కుర్చీ వేయించారు. బూట్లు విప్పి, మేజోళ్లు విప్పి, నలభై ఏడేళ్ల హెడ్‌మాస్టరు తన బల్ల తానే ఎక్కి, నాలుగొందల మంది ముందు ఒట్టికాళ్లతో నిలబడ్డారు. పిల్లలు ఊపిరి బిగబట్టారు.

"పిల్లలూ, ఈయన కొలత తప్పని నేను బస్టాండులో అరిచాను. తప్పింది ఈయన కొలత కాదు. నా తల లోపల ఒక గడ్డ నా కొలత తప్పిస్తోంది. అది మీ హెడ్‌మాస్టరుకు కనబడలేదు. ఈయన పెన్సిలుకు కనబడింది. యెషయా గారి కొలతే రైటు. ఇక గీయండి."

యెషయా పెన్సిలు నిటారుగా పట్టాడు. చెయ్యి వణికింది. జీవితంలో మొదటిసారి నిజంగానే వణికింది. ఒక్క క్షణం ఆగి, మడమ దగ్గర మొదలుపెట్టాడు. చిటికెనవేలు, దాని పక్కది, ఆ పక్కది, బొటనవేలు, లోపలి ఒంపు, మళ్లీ మడమ. ఎనిమిదో గీత ముగిసింది. అతను తలెత్తలేదు. అద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఏమైందయ్యా? ఎక్కడ పడింది?" బల్ల మీద నుంచి రావు గారు అడిగారు.

"లోపట" అన్నాడు యెషయా. మళ్లీ గట్టిగా అన్నాడు. "లోపట పడ్డది సారు! ఏడో గీతకు లోపట!"

ఎవరు మొదలుపెట్టారో తెలియదు, మైదానమంతా చప్పట్లు. గోడ మీద నుంచి కుర్మయ్య ఈల వేశాడు. యేసమ్మ కొంగు నడుముకు చెక్కి, రత్నమాల చెయ్యి పట్టుకుని నవ్వుతోంది.

చప్పట్లు తగ్గాక రావు గారు వంగి పుస్తకం చూసుకున్నారు. "మళ్లీ ఎనిమిది అవుతానంటావా?"

"కాదు సారు. పెరిగిన బొక్క తగ్గదని డాక్టరమ్మ చెప్పింది. మీది ఇగ నుంచి పది."

రావు గారు కాసేపు తన పాదాల వైపు చూసుకున్నారు. పెళ్లినాటి ఎనిమిది ఎప్పటికీ రాదు. తర్వాత బల్ల దిగి, యెషయా పక్కనే నేల మీద కూర్చుని బూట్లు వేసుకున్నారు.

"అయితే కొత్త జత కుట్టండి. అడుగున ఎంత రాస్తారు?"

"మీరేం రాయమంటె అది రాస్త సారు" అని అలవాటుగా అనబోయి, యెషయా ఆగిపోయాడు. పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు.

"పది రాస్త" అన్నాడు.